సీసా మూతకి రెండో చిల్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా మెకానిక్ షెడ్డులో అందరికీ తెలుసు, ఇంట్లోవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ఆ కోపానికి నేను నిజంగా సిగ్గుపడింది మాత్రం ఒక్కసారే.

అప్పట్లో మా అక్క తన పాత కారులో ఆరుగురు పిల్లల్ని బడికి తీసుకెళ్లి తీసుకొచ్చేది. ఎంత ముచ్చటపడి మొదలుపెట్టిందో! తనకంటూ చేసుకున్న మొదటి పని అది. పొద్దున్నే ఆ బండి మా షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే లోపల పిల్లల ఎక్కాలు వీధి చివరిదాకా వినపడేవి. ఇప్పటికీ ఎనిమిదో ఎక్కం వింటే నాకు ఆ వీధే గుర్తొస్తుంది.

అలాంటిది, ఆ కారు ఆయిల్ తాగడం మొదలెట్టింది. కింద చుక్క కారదు, వారం తిరిగేసరికి లీటరు మాయం. వెనకాల నీలం పొగ. ఇంజన్ విప్పితే రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లు బండి ఆగితే పిల్లల ఇళ్లవాళ్లు వేరే బండి చూసుకుంటారు, అక్క పని గోవిందా.

"ఒరేయ్, నువ్వేం చేస్తావో నాకు తెలీదు. సోమవారం పొద్దున బండి కదలాలంతే" అంది.

బానెట్ ఎత్తి చూశాను. ఇంజన్ లోపల పుట్టే ఆవిరి బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. అది మళ్లీ ఇంజన్ గాలి పీల్చే దారిలోకే వెళ్తుంది. ఇంజన్ ముసలిదై ఆవిరితో పాటు ఆయిల్‌ని కూడా ఊదుతోంది, ఊదిందాన్ని తనే పీల్చి కాల్చేస్తోంది. ఆ గొట్టం ఊడబెరికి, గాలిదారిలో మిగిలిన కన్నానికి రబ్బరు బిరడా కొట్టాను. గొట్టం కొసని ఒక ఖాళీ సీసాలోకి దింపాను. సీసా మూతకి రెండు చిల్లులు పెట్టాను, ఒకటి గొట్టానికి, ఇంకోటి ఆవిరి పోవడానికి. పద్ధతైన రిపేరు కాదు, ఒప్పుకుంటాను. సెలవులదాకా నెట్టుకొస్తే చాలనుకున్నాను.

పొగ ఆగింది. అక్క పట్టరాని సంతోషంతో హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. వారానికోసారి సీసా ఒంపే పని బావగారు తీసుకున్నారు.

బావగారిది మందుల షాపులో ఉద్యోగం. ముప్పై ఏళ్లు సీసాల మధ్యే బతికారు. మంచినీళ్ల సీసా అయినా సరే, మూత బిగించి, తలకిందులు చేసి, చుక్క కారడం లేదని చూసుకుంటే గానీ కింద పెట్టరు. "ఈయన నోటికి కూడా ఒక బిరడా ఉందిరా" అని అక్క ఏడిపించేది.

మూడో వారం సీసా ఒంపుతుంటే ఆయనకి ఆ రెండో చిల్లు కనపడింది. పాపం, నేను చూసుకోలేదనుకున్నారు. షాపు నుంచి తెచ్చిన ప్లాస్టర్ నాలుగు పొరలు అంటించేశారు.

మర్నాడు అక్క పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తుంటే, మా వీధి మొదట్లోనే బండి ఆగిపోయింది. ఆవిరికి దారి లేక, లోపలి ఒత్తిడి ఇంజన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలును బయటికి తన్నేసింది. రోడ్డంతా ఆయిల్. నేనూ బావగారూ పరిగెత్తాం. ప్లాస్టర్ చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరిదీ ఘనకార్యం?"

"నేనేనయ్యా. చిల్లు ఉండిపోయిందని..."

"బుద్ధుందా మీకు? అక్క నోటి దగ్గర కూడు తీసేశారు కదా!"

వీధి వీధంతా చూస్తోంది. ఆయన జేబురుమాలు తీసి అక్క చేతికి అంటిన ఆయిల్ తుడిచారు.

ఇక ఇంజన్ దించక తప్పలేదు. పన్నెండు రోజులన్నాను. అక్క షెడ్డులోనే కూలబడిపోయింది. "అయిపోయిందిరా. ఇంక నా బండి ఎవరెక్కుతారు?"

మర్నాడు పొద్దున్నే బావగారు ఆరిళ్ల తలుపులూ తట్టారు. "తప్పు మా ఆవిడది కాదండీ, నాది. బండి వచ్చేదాకా పిల్లల్ని నేను నడిపించుకుని తీసుకెళ్తాను" అన్నారట. షాపుకి సెలవు పెట్టి, అందరిలోకీ చిన్నదాన్ని భుజానెక్కించుకుని, చేతినిండా పుస్తకాల సంచులతో పన్నెండు రోజులు నడిచారు. ఏ ఇంటివాళ్లూ వేరే బండి చూసుకోలేదు.

పదమూడో రోజు నేను బండి తెచ్చి నిలబెడితే పిల్లలు బండి ఎక్కం అంటూ మొండికేశారు. "మాకు నడకే బాగుంది!" అక్క మొహం పాలిపోయింది. బావగారు వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. అంతే, ఆరుగురూ పోలోమని ఆయన మీద పడ్డారు. ఒకటే గోల. ఆ గోలలోనే కిటికీ దగ్గరికి వంగి, "బావగారూ, ఆరోజు నోరు జారాను. తప్పయిపోయింది" అన్నాను. ఆయన చిన్నదాని జడకి రిబ్బను కడుతున్నారు. ఇటు తిరగనే లేదు. బండి వెళ్లిపోయింది.

మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఇరవై ఏళ్లు గడిపేశాను. నిరుడు ఆయన పోయారు.

మొన్న అక్క దగ్గర బయటపడ్డాను. "ఆయనకి వినపడలేదక్కా. నేనింకోసారి చెప్పుండాల్సింది."

అక్క నా వైపు వింతగా చూసింది. "వినపడిందిరా పిచ్చోడా. ఆరోజే ఇంటికొచ్చి చెప్పారు. తను తిరిగితే నువ్వు అందరి ముందూ ఏడ్చేస్తావని తిరగలేదట."