నృసింహం మాస్టారి చార్జి అప్పగింత

నృసింహం మాస్టారు వరండా చివర నిలబడి ఉన్నారు, నేను ఆయన వైపు నడుస్తున్నాను, నడిచినకొద్దీ వరండా పొడవవుతోంది. తొమ్మిదో తరగతి దాటగానే మళ్ళీ ఆరో తరగతి వస్తోంది, ఆ తర్వాత చంపావతి ఏటి ఇసుక వస్తోంది, ఇసుకలో బెంచీలు సగం కూరుకుపోయి ఉన్నాయి, అయినా ఇది మా బడేనన్న విషయంలో నాకు రవ్వంత సందేహం లేదు. నా చంకలో పదకొండు పేజీల పుస్తకాల జాబితా ఉంది. ఆయన పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మర్యాదస్థులం గనుక ఇద్దరమూ ఆ ప్రస్తావన తేవడం లేదు.

మా బడి గ్రంథాలయమనే మహాసామ్రాజ్యం ఒక ఇనుప బీరువా. దాన్ని పంతొమ్మిదేళ్ళు ఏలినవారు నృసింహం మాస్టారు. ఆయన ఏలుబడిలో నాలుగువందల పన్నెండు పుస్తకాలలో ఒక్కటీ పోలేదు, ఒక్క పేజీ నలగలేదు, ఒక్క అట్ట మీద వేలిముద్ర పడలేదు. శత్రువులు ఎంత ముట్టడించినా చెక్కుచెదరని కోట అది. శత్రువులంటే ఆరు నుంచి పది దాకా చదివే పిల్లలు. ఆయన తర్వాత సింహాసనం నాది. అయితే పాతవారు జాబితా మీద సంతకం చేసి చార్జి అప్పగించనిదే కొత్తవారు బీరువా తెరవరాదన్నది మా శాఖ ఆచారం, ఆయనేమో సంతకం చేయకుండానే అకస్మాత్తుగా స్వర్గస్థులయ్యారు.

"మాస్టారూ, ఒక్క సంతకం," అంటున్నాను ఆయాసపడుతూ. "పేజీకొకటి చొప్పున పదకొండూ చేస్తే మరీ మంచిది."

"ఏమోయ్ సోమేశం, ఇంత దూరం దీనికోసం వచ్చావా? నన్ను చూడ్డానికి కాదూ?"

"చూడ్డానికీ వచ్చానండి. సంతకం అయితే ఇంకొంచెం స్థిమితంగా చూస్తాను."

ఆయన నవ్వడం లేదు. బతికుండగా ఎన్నడూ లేనిది, ఒకచోట నిలవలేకపోతున్నారు. బెంచీ మీద కూర్చుంటారు, లేస్తారు, చొక్కా జేబు తడుముకుంటారు, కూర్చుంటారు, ఈలోగా ఆ బెంచీ ఎర్ర బస్సులో సీటవుతుంది, కిటికీ అవతల మా బడి గోడలు వెనక్కి పరిగెడుతుంటాయి.

"తొందరేమిటి నీకు?"

"పదో తరగతిలో గౌరీశ్వరి అని ఒక పిల్లండి. శనివారం శనివారం వచ్చి బీరువా ఎప్పుడు తీస్తారని అడుగుతుంది. చార్జి కాలేదమ్మా అంటాను. ఎల్లుండితో ఆ పిల్ల బడి ముగిసిపోతుంది. ఒక్క పుస్తకమైనా చదవకుండానే వెళ్ళిపోతుంది."

మాస్టారు బస్సు ఊచ గట్టిగా పట్టుకుంటారు. "ఆరో తరగతిలో ఉండగా నా దగ్గరికీ వచ్చింది. చేతులు చూపించమన్నాను. జంతికల నూనె. పొమ్మన్నాను. మర్నాడు సబ్బుతో కడుక్కుని వచ్చింది. తడిగా ఉన్నాయి, పొమ్మన్నాను. మూడో రోజు శుభ్రంగా ఆరబెట్టుకుని వచ్చిందోయ్. అప్పుడేం వంక చెప్పి పంపానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. దానికోసమే తిరుగుతున్నాను."

నేను జాబితా తెరుస్తాను. కష్టకాలంలో ఉద్యోగికి ఊరటనిచ్చేది కాగితమే.

"నూట పదిహేడో నంబరు ఏమిటో చెప్పు," అంటారాయన హఠాత్తుగా.

"నీలి అట్ట, నూట అరవై పేజీలు, పురుగు పట్టలేదు."

"లోపల?"

"లోపల కూడా పురుగు పట్టలేదండి."

"నాకూ అంతే తెలుసు!" అంటారాయన ఊచ వదిలేసి. "ఇప్పుడు నేనుంటున్నచోట ఒక ముసలావిడ అడిగింది నన్ను. ఇరవయ్యేళ్ళు పుస్తకాల దగ్గరున్నావట కదా నాయనా, పొద్దుపోవడం లేదు, ఒక్క కథ చెప్పమంది. నేను నంబర్లు చెప్పాను. నలభై దాకా ఓపిగ్గా విని లేచిపోయింది."

బస్సు ఆగకుండానే ఆయన దిగిపోతున్నారు, నేనూ దిగి వెంటబడుతున్నాను, కాళ్ళు ఇసుకలో దిగబడుతున్నాయి, కలం మూత ఎంత తిప్పినా రావడం లేదు, ఈ అదను దాటితే ఈయన మళ్ళీ దొరకరు, ఆ పిల్లకు నేనేం చెప్పను, అనుకుంటూ జాబితాను ఆయన చేతిలో కుక్కుతున్నాను.

"సంతకం చేస్తే నువ్వూ నాలాగే కావలి కూర్చుంటావోయ్, నా మాట విను, వదులు," అంటారాయన.

"మీరు వదలండి మాస్టారూ, ప్రభుత్వ కాగితం!"

ఆయన అటు లాగుతారు, నేను ఇటు లాగుతాను, కాగితం చర్రున చిరుగుతుంది.

కళ్ళు తెరుస్తాను. మధ్యాహ్నం భోజనాల తర్వాతి పీరియడు. స్టాఫ్ రూములో బీరువాకు ఆనించిన కుర్చీలో కునుకు తీశానన్నమాట. నా కుడి పిడికిట్లో నిజంగానే ఒక చిరిగిన కాగితం ముక్క ఉంది: చార్జి తేలేదాకా ఎవరూ తెరవరాదని హెడ్‌మిస్ట్రెస్ అనసూయమ్మ గారు సంతకం చేసి, రెండు తలుపులనూ కలిపి అంటించిన పట్టీ. తాళం పాడై మూడేళ్ళయింది; ఈ ఏడు నెలలూ కోటను కాపాడినది ఆ జిగురే. తలుపు జానెడు తెరుచుకుని, కలరా ఉండల వాసన గదిలోకి వస్తోంది.

గుమ్మంలో గౌరీశ్వరి నిలబడి ఉంది.

"సీలు సింపీసేరేటండి సార్? సార్జీ అయిపోనాదా?"

నేను చేతిలోని ముక్క వైపు చూస్తాను. అనసూయమ్మ గారి సంతకంలో సగం అందులో ఉంది. రేపు సంజాయిషీ అడుగుతారు, నిద్రలో చించానంటే ఇంకోటి అడుగుతారు.

"అయిపోయిందమ్మా," అంటున్నాను. "రా. ఏ పుస్తకం కావాలి?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, రెండో తలుపు కూడా తనే బార్లా తెరుస్తుంది.

"ఏటేటున్నాయో సూస్తే గదా సార్, సెప్పడానికి."