శుక్రవారపు నిద్ర

"ఇంట్లో ఖాళీగానే ఉండావు కదా, ఈ చొక్కా కొంచెం ఇస్త్రీ చెయ్యరాదా?" అన్నాడు ఉదయ్ కిరణ్. అప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. ఒంట్లో బలమంతా కర్ర మీద వేసి రాగిపిండి తిప్పుతున్న మనిషిని చూసి ఖాళీగా ఉందనుకోవడానికి ప్రత్యేకమైన చూపు కావాలి. ఆ చూపు మా ఆయనకు ఉంది. చెడ్డవాడేమీ కాదు. తాగడు, కొట్టడు, ఆదివారం తప్పకుండా చర్చికి వస్తాడు. జీతం రాని పని ఆయన కంటికి ఆనదు, అంతే. మదనపల్లెలో నేను పనిచేసిన ల్యాబు మూతపడినప్పటి నుంచి, ఈ పుంగనూరు ఇంట్లో నేను చేసే చాకిరీ అంతా ఖాళీ కిందే జమ.

నాది రక్తపరీక్షలు చేసే చదువు. వంటా, అంట్లూ, అమ్మాయి బడీ అన్నీ ముగించుకుని ఉద్యోగం వెతకడానికి పోయేదాన్ని. పుంగనూరులో ఒక ల్యాబు ఆయన, "మీ ఆయన ఒప్పుకునే పంపించినాడా?" అని అడిగాడు. సూది పట్టుకునేది నేనా, ఆయనా అని అడగాలనిపించింది. మదనపల్లెలో ఇంకొకాయన నా సర్టిఫికెట్లు తిరగేసి, "పెండ్లి కాని పిల్లలైతే మాకు బాగుంటాదమ్మా" అన్నాడు. రెండు చోట్లా నవ్వి లేచి వచ్చాను. ఆ నవ్వు మీద నాకే ఎంత కోపమంటే, మదనపల్లె నుంచి బస్సులో ఇంటికి చేరేలోగా పళ్లు కొరికి కొరికి దవడలు నొప్పి పుట్టాయి. ఇంటికొస్తే పొద్దున్నే వదిలిపోయిన అంట్లు ఎక్కడివక్కడే ఉండేవి.

మా చర్చి సంఘంలో శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. మా అత్త సుభద్రమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. "ఉద్యోగం కావాలని ప్రభువును అడుగు మ్మే, ఇస్తాడు. దగ్గర్లోనే ఇమ్మని అడుగు, ఇంటికాడ ఇబ్బంది ల్యాకుండా" అని దారంతా నేర్పించింది. చాప మీద మోకరించి, కొంగు నెత్తి నిండా కప్పుకుని కళ్లు మూసుకున్నాను. కింద చల్లటి బండలు, పైన ఫ్యాను. చుట్టూ అన్ని గొంతులు ఉన్నా ఏ ఒక్కటీ నన్ను పిలవడం లేదు. ప్రభువా, అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. నా నుదురు నేలకు ఆనుకుని ఉంది. ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. పరువు పోయిందనుకున్నాను. "ఎంత లోతుకు పోయినావు తల్లీ! ఒళ్లే తెలీలా నీకు" అంది పక్కనున్నామె. మా అత్త ముఖం వెలిగిపోయింది. నేనేం చేసినా వంక వెతికే ఆ కళ్లలో గర్వం చూడటం అదే మొదటిసారి. ఇంక నేనేం చెప్పను?

తర్వాత ప్రతి శుక్రవారం అదే తంతు. మోకరించడం, ప్రభువా అనడం, నిద్రపోవడం. ఆ ఒక్క పూట ఇంటిపని అత్తే ముందుగా ముగించి నన్ను తయారవ్వమనేది. వీధిలో ఆడవాళ్లు ఆపి, "మా పెద్దోడికి ఉద్యోగం రావాల, నువ్వొకసారి కూసో తల్లీ" అని బతిమాలేవారు. ఉద్యోగం లేనిదాన్ని పట్టుకుని ఉద్యోగాలు ఇప్పించమంటారు! నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కానీ ఆ నిద్ర మాత్రం అబద్ధం కాదు. లేచేసరికి లోపల ఎవరో కిటికీలు తీసినట్టుండేది. అలాంటి ఒక శుక్రవారం సాయంత్రమే, ఎవరినీ అడగకుండా, కుప్పంలో ఒక ఆసుపత్రి ల్యాబుకు దరఖాస్తు పెట్టాను.

పిలిచారు. మొగుడి మాటే ఎత్తలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, కనిపించింది చెప్పమన్నారు. చెప్పాను. ఉద్యోగం ఖాయం, వారమంతా అక్కడే హాస్టల్లో ఉండాలి, వస్తావో రావో చెప్పమన్నారు. సంతోషంతో గాల్లో తేలుతూ బస్సెక్కిన నన్ను వెంకటగిరికోట దాటకముందే భయం పట్టుకుంది. ప్రార్థనలో అడగకుండా వచ్చిన ఉద్యోగం ప్రభువు ఇచ్చిందేనా? దొంగ భక్తికి ఇది బహుమానమా, శిక్షా?

శుక్రవారం ప్రార్థన నడిపే పాస్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఒక్కతే చాపలు చుడుతోంది. "నేను ప్రార్థన చేయడం ల్యాదమ్మా, నిద్రపోతాండా" అని చెప్పేశాను.

"తెలుసులే" అంది చెయ్యి ఆపకుండా. "గురక పెడతావు. అందుకే కదా నీ పక్కన కూసోని గట్టిగా పాట ఎత్తుకుంటాండేది."

సిగ్గుతో చచ్చిపోయాను. "అలిసిపోయినోళ్లను రమ్మనింది ప్రభువే కదా" అంది ఆమె. "వచ్చినాక నిద్రపోతే కోపం చేసుకుంటాడా? ఇంట్లో అందురూ నిన్ను లేపేవాళ్లే. ఆయన లేపలా." అప్పుడు ఏడ్చాను. చాప కొస పట్టుకుని పసిపిల్లలా ఏడ్చాను. ఏడుపు తగ్గాక కుప్పం ఉద్యోగం సంగతి చెప్పాను. ఆమె అడిగింది, "కుప్పం పోవాలని నీకుండాదా?" ఉద్యోగమంటే దగ్గరా దూరమా, ఇంటికి కుదురుతుందా లేదా, ఇవే అందరూ అడిగేవి. నాకుందా అని ఎవరూ అడగలేదు. దేవుడి ముందు నేనూ అనుకోలేదు.

"ఉండాదమ్మా" అన్నాను.

ఆ శుక్రవారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యం వేళ లేచి నిలబడ్డాను. "నేను లోతుకు పోలేదమ్మా. ఇన్ని వారాలూ ఈడ నిద్రపోయినా. ఇంట్లో ల్యాని నిద్ర ఆయన కాడ దొరికింది. కుప్పంలో ఉద్యోగం వచ్చింది. పోతాండా." ఎవరూ స్తోత్రం అనలేదు. మా అత్త తల దించుకుంది. ఇంటికి నడిచే దారిలో, ఆమె వింటుండగానే నేను ఆసుపత్రికి ఫోన్ చేసి, సోమవారం వచ్చి చేరతానని చెప్పాను.

విషయం వినగానే ఉదయ్ కిరణ్ లేచాడు. "వారమంతా నువ్వు ఆడుంటే ఈడ ఇల్లెవురు సూస్తారు? పాపనెవురు సూస్తారు? అమ్మ ఉండాదిలే అనుకుంటాండావా?"

పెళ్లయిన నాటి నుంచి మోకాళ్లు అరిగేదాకా టమోటా తోటల్లో కూలిచేసిన మనిషి మా అత్త. పగటిపూట ఆమె నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు. గడప దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుకుంటూ కొడుకు వైపు తలెత్తింది.

"నువ్వు సూడప్పా" అంది. "శుక్రవారం పూట మాత్రం నన్ను పిలవొద్దు. నేనూ పోయి పండుకుంటా."