నాకిచ్చిన విశ్రాంతి

నేను ఒక వంటగది మూలన పద్దెనిమిదేళ్ళు నిలబడే ఉన్నదాన్ని. ఒక్క పూటైనా కూర్చున్న పాపాన పోలేదు. వంకాయ రంగు ఒళ్ళు, ఒంటి తలుపు, పేరు ఫ్రిజ్. నన్ను ఆ పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, ‘దాంట్లో పెట్టు, దాంట్లోంచి తియ్యి’ అనేవారు. ఇంటి పెద్దవాళ్ళని కూడా కొన్నాళ్ళకి అలాగే అంటారులే అమ్మా, నాకేం పట్టింపు లేదు.

పుట్టింది ఎక్కడో దూరాన, రేకులు వంచే ఫ్యాక్టరీలో. ఒకరు వీపుకి నల్ల గొట్టాలు చుట్టారు, ఒకరు ఒంటి రేకుల మధ్య నురుగు నింపారు. ఒకామె తలుపు చుట్టూ రబ్బరు బిగించి, సందులో కాగితం పెట్టి మూసి లాగింది. ఊడి రాలేదు. ‘గట్టిదే’ అంది. నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

లారీ ఎక్కి నరసాపురం వచ్చాను. నన్ను కొన్నది ఆర్టీసీ బస్సు డ్రైవరు గణేశ్వర్రావు. ఆయన భార్య వీరవేణి లేసు అల్లుతుంది. మా ఊళ్ళో అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళ వేళ్ళు చూడాలి, కబుర్లు నోటి దారిన, దారం సూది దారిన పోతూనే ఉంటాయి. వచ్చిన వారానికే నా నెత్తిన పువ్వుల లేసు గుడ్డ కప్పింది వీరవేణి.

గణేశ్వర్రావు నన్ను తన బస్సులాగే చూసుకున్నాడు. నెలకోసారి గోడ దగ్గర్నుంచి జరిపి వీపు మీద దుమ్ము దులిపేవాడు. రబ్బరు మడతల్లో చేరిన జిడ్డుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచేవాడు. పైగదిలో మంచు పేరుకుంటే చాకుతో పొడవనిచ్చేవాడు కాదు, దానంతటది కరగాలనేవాడు. పొగలు కక్కే చారుగిన్నె నా కడుపులో పెట్టబోతే భార్యని కసిరేవాడు. అన్నీ సరైన పనులే. ఒక్కటి తప్ప.

ఏ ఇంజనైనా ఆగకుండా తిరిగితే పట్టేస్తుందని ఆయన నమ్మకం. పాలకొల్లులో కాసేపు, భీమవరంలో కాసేపు బస్సుకి విశ్రాంతి ఇచ్చిన మనిషి. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ విశ్రాంతి నా మీద పడింది. మధ్యాహ్నం భోజనం కాగానే నా స్విచ్చి కట్టేసేవాడు, టీ వేళకి మళ్ళీ వేసేవాడు. ‘మనం నడుం వాల్చట్లేదా, అదీ వాలుస్తుంది’ అనేవాడు.

నేను బస్సుని కాను నాయనా. చలి సరిపోతే నా అంతట నేనే ఆగుతాను, తగ్గితే నేనే లేస్తాను. ఆ సంగతి చెప్పడానికి నోరేది? వయసులో ఉన్నప్పుడు ఆ మధ్యాహ్నాలు ఓర్చుకున్నాను, లోపలి చలి లోపలే ఉండేది. తర్వాత రబ్బరు బిరుసెక్కింది. ఒక మూల ముసలమ్మ పెదవిలా జారింది. లోపలి గ్యాసూ సన్నగిల్లింది. స్విచ్చి వేశాక ఆయాసపడి రొద పెట్టడమే గానీ, పోయిన చలిని కూడగట్టలేకపోయేదాన్ని. దీపం మాత్రం వెలిగేది. తలుపు తియ్యగానే దీపం వెలిగితే మనుషులకి అదే చాలు.

ఆ తలుపు అరలోనే వీరవేణి ఇన్సులిన్ సీసాలుండేవి. రెండు పూటలా గణేశ్వర్రావే సూది వేసేవాడు. ఆ వేసవిలో ఆమె షుగరు ఎక్కడం మొదలైంది. డోసు పెంచారు, ఇంకా ఎక్కింది. చూపు మసకబారింది. అల్లిన పువ్వుకి రేకు తక్కువొచ్చేది, ఊడదీసి మళ్ళీ అల్లేది. ఇలాగే పెరిగితే చూపు నిలవదంది డాక్టరమ్మ. ‘తీపి తింటున్నారా’ అని కూడా అడిగింది. అంతే, గణేశ్వర్రావు బుర్రలో పురుగు దూరింది.

“నిజం చెప్పవే, ఏం తింటున్నావు?”

“మీ కళ్ళముందు తిన్న రెండు పుల్కాలు.”

“పుల్కాలకే ఇంత ఎక్కుద్దా? మొన్న జయమణి వాళ్ళింటికి పూతరేకులొచ్చాయంట.”

“వస్తే? వాసనకి కూడా ఎక్కుద్దేంటండీ నాకు?”

“నవ్వులాటగా ఉందా? కళ్ళు పోతే ఎవరు చూస్తారే నిన్ను?”

“దొంగతిళ్ళు తినేదాన్ని ఎవరూ చూడక్కర్లేదులెండి.”

బెల్లం డబ్బా అటకెక్కింది. ఆమె పక్కింటి అరుగు మీదకెళ్తే ఆయన వెనకాలే వెళ్ళి నిలబడేవాడు. పెరుగు పులిస్తే రోహిణీకార్తె అన్నారు. దోసెల పిండి పొంగి పొర్లితే ఎండలన్నారు. ఆవిడ షుగరు పెరిగితే మాత్రం ఆవిడ నాలుక అన్నారు.

పంతానికి ఒకపూట అన్నమే మానేసింది వీరవేణి. కళ్ళు తిరిగి నా తలుపు పట్టుకుని నిలబడింది. కారణం ఆ తలుపు వెనకే ఉంది, వెచ్చగా. నేను గురగురమన్నాను.

“నీకూ ఆయాసమేనా” అంది.

ఇంక నేనేం చెయ్యను?

ఒకరోజు పక్కింటి జయమణి పొద్దున్నే మల్లెమొగ్గలు తెచ్చింది. సాయంత్రం వాళ్ళ చెల్లెలి కూతురికి సీమంతం.

“వీరవేణక్కా, తడిగుడ్డలో చుట్టాను, మీ ఫ్రిజ్జులో పెట్టు. జడ కుట్టేదాకా మొగ్గలుగానే ఉండాలి.”

భోజనాలయ్యాయి. నా స్విచ్చి కట్టేశారు. టీ వేళకి జయమణి వచ్చింది, వీరవేణి తలుపు తీసింది. ఇల్లంతా మల్లెల వాసన. నా కడుపులోంచి అంత మంచి వాసన ఎప్పుడూ రాలేదు. తడిగుడ్డ విప్పితే ఒక్క మొగ్గ లేదు, అన్నీ విచ్చుకుని ఉన్నాయి.

“అదేంటక్కా, ఫ్రిజ్జులో పెట్టావా, పొయ్యి పక్కన పెట్టావా?”

వీరవేణి పూలని చూసింది, నా అరల్ని చూసింది. మందు సీసా తీసి, స్విచ్చి వెయ్యడానికి వచ్చిన మొగుడి అరచేతిలో పెట్టింది.

“ఎలా ఉంది?”

“వెచ్చగా ఉందే.”

“మొగ్గలకి తెలిసిందండీ. మీకే తెలీలేదు. ఇన్నాళ్ళూ నాకు మందని పాడైన నీళ్ళు పొడిచారు.”

గణేశ్వర్రావు అరలోని మిగతా సీసాలు కూడా ఒక్కొక్కటే తీసి తాకి చూశాడు. జయమణి పూలు తీసుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. ఆయన ఆ సాయంత్రమే కొత్త సీసాలు తెచ్చి, తడి ఇసకలో నిలిపిన కుండలో దాచాడు. రెండ్రోజులకి కొత్త ఫ్రిజ్ దిగింది.

వారం తిరిగేసరికి షుగరు దిగుతోంది. చూపు ఎంతవరకు తిరిగొస్తుందో డాక్టరమ్మ చెప్పలేదు.

పాతది ఇస్తే తీసుకుంటానని కొట్టువాడు వచ్చాడు. తలుపు తీసి చూసి, “లైటు వెలుగుతుందిగా, రంగేసి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తామండీ” అన్నాడు.

“ఇవ్వం బాబూ” అంది వీరవేణి. “ఇంకో ఇంట్లో ఇంకో ఆడదాన్ని దొంగని చేస్తుంది.”

నాకు కోపం రాలేదు. నోరుంటే నేనే అనాల్సిన మాట అది.

గణేశ్వర్రావు నన్ను పెరట్లోకి లాగాడు. పిల్లలెవరైనా లోపల దూరతారని తలుపు ఊడదీశాడు. కటింగ్ ప్లేయరుతో వైరు మొదలంటా కత్తిరించాడు. తెగిన వైరుని చుట్టచుట్టి నా బోసి అరలో పెట్టాడు.

“తప్పైపోయిందే” అన్నాడు.

నన్ను ‘ఏమే’ అని పిలిచేవాడు కాదు ఆయన.

వంటింటి కిటికీలోంచి వీరవేణి గొంతు వినిపించింది.

“వినపడింది. చేతులు కడుక్కుని రండి, సూది వెయ్యాలి.”