మూడూళ్ళ తల్లి నీడ

అసిరమ్మ ఒక మొక్కు మొక్కుకుందంటే అది తీరేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఈ సంగతి ఆవిడ మొగుడు సోములుకి తెలిసినంతగా కోటబొమ్మాళి చుట్టుపక్కల ఇంకెవరికీ తెలీదు. అరవై ఎనిమిది వేసవిలో వాళ్ళిద్దరూ తమ మడిలో, హద్దుకు దగ్గరగా నుయ్యి తవ్వించారు. ఎంత లోతుకి పోయినా చెమ్మ కనబడలేదు. అసిరమ్మ తిన్నగా పొలిమేరలోని మూడూళ్ళ తల్లి దగ్గరికి వెళ్ళింది.

మూడు ఊళ్ళ హద్దులు కలిసేచోట, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డ మోకాలెత్తు రాయి ఆ తల్లి. తాతల నాటి నుంచీ పూసిన పసుపు కింద రాయి ఏనాడో కనబడటం మానేసింది.

"తల్లీ, ఎండలో మాడిపోతన్నావు. నా నూతిలో నీల్లు పడితే నిన్ను ఏపసెట్టు నీడన కూకోబెడతాను" అంది అసిరమ్మ.

వారం తిరక్కుండా నీళ్ళు పడ్డాయి. అసిరమ్మా మాట తప్పలేదు. డప్పులు కొట్టించి, ఊరంతా చూస్తుండగా తల్లిని పెకలించి, తూర్పున ఉన్న వేపచెట్టు కింద నిలబెట్టించింది. అందరూ ప్రసాదం తిన్నారు. అందరికన్నా ఎక్కువ తిన్నవాడు సోములు వాళ్ళ అన్న జగన్నాధం.

ప్రసాదం అరిగాక జగన్నాధానికి నూతిలో నీళ్ళ మీద కన్నుపడింది. అన్నదమ్ముల మడుల మధ్య గట్టు కిందటేడు వానల్లో కొట్టుకుపోయింది. "నుయ్యి నా మడిలోకొచ్చినట్టున్నాది" అని టీ కొట్టు దగ్గర అనడం మొదలుపెట్టాడు. ఆ మాట అసిరమ్మ చెవిన పడింది.

"నోటి కొలతలెందుకు బావా? సర్వేయర్ని పిలుద్దుం. ఎవలిదో ఆయన కొలత గొలుసే సెప్తాది" అంది ధీమాగా.

సర్వేయరు గణపతిరావు పటం పట్టుకుని వచ్చాడు. మూడు ఊళ్ళు కలిసేచోట పాత సర్వేవాళ్ళు నాటిన రాయి ఏదని అడిగితే, ఊరంతా ఒక్కమాటగా వేపచెట్టు కింద తల్లిని చూపించింది. ఆయన చెప్పులు విప్పి, దండం పెట్టి, అక్కణ్ణుంచి గొలుసు లాగించాడు. చాలాసేపు లెక్క చూసుకుని తల పంకించాడు.

"నుయ్యి జగన్నాధం గారి మడిలో ఉందమ్మా."

అసిరమ్మ కూలబడి బావురుమంది. మట్టి తట్టలు మోసీ మోసీ ఆవిడ నడినెత్తి బొబ్బలెక్కిన నుయ్యి అది. సోములుకి ఆ నూతిలోనే దూకాలనిపించింది గానీ, ఇప్పుడు దానికీ అన్న అనుమతి కావాలి.

జగన్నాధానికి మాత్రం ఆశ ఆగలేదు. "ఎలాగూ వచ్చారు బాబూ, నా పడమటి హద్దు కూడా సూసీండి" అన్నాడు.

గణపతిరావు అటు కూడా కొలిపించాడు. పటం చూశాడు, జగన్నాధం పశువుల శాల చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మీ శాల మధ్యలోంచి రైలు పట్టాలు పోతున్నాయండీ."

శాలలో గేదె తాపీగా నెమరువేస్తోంది. దానికి చాలా అవతల, పట్టాల మీద గూడ్సుబండి కూతవేసింది.

"నవ్వులాటలేటి బాబూ? పట్టాలు అల్లక్కడ కదా ఉన్నాయి!" అని గోలపెట్టాడు జగన్నాధం.

"అదే నేనూ చూస్తున్నా. పటంలో ఏ చోటుకీ సొంత చిరునామా ఉండదు. ఫలానా రాయికి ఇంత దూరం అని రాసుకోవడమే. రాయి జరిగితే మడులూ నూతులూ రైలూ అన్నీ దాని వెనకే నడుస్తాయి" అని గణపతిరావు చుట్టూ చూశాడు. "ఈ తల్లి ఎప్పుడూ ఇక్కడే ఉందా?"

"ఇక్కడెందుకుంటాది? మొన్నే కదా డప్పులతో తెచ్చాం!" అన్నారు ఊళ్ళోవాళ్ళు గర్వంగా.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. తల్లి లేచొచ్చిన గొయ్యి ఇంకా అలాగే ఉంది. అందులో మళ్ళీ నిలబెడితే నుయ్యి ఎవరిదో తేలిపోతుందన్నాడు. అందరూ అసిరమ్మవైపు తిరిగారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని తల్లికి అడ్డంగా నిలబడింది. "కుదరదు బాబూ. నీల్లు పుచ్చుకుని నీడ లాగీసుకుంటే నానేటి మనిసిని?"

"ఒసే, నుయ్యి పోతాదే!" అన్నాడు సోములు.

"పోతే పోనీ, మాటిచ్చింది నాను!" అందే గానీ మళ్ళీ ఏడుపొచ్చింది. ఆవిడకి నుయ్యీ కావాలి, మాటా నిలవాలి. ఏడుస్తూనే కిందికి చూసింది. వేపచెట్టు మొదట్లో చిన్న వేపమొక్క ఒకటి లేచి ఉంది. అసిరమ్మ ఏడుపు ఆపింది. వేళ్ళు తెగకుండా మట్టితో సహా దాన్ని పెళ్ళగించి, ఒళ్ళో పెట్టుకుంది.

"తల్లి ఎనక్కెల్తాది. నీడ కూడా తల్లి ఎంటే ఎల్తాది" అంది.

తల్లిని పాత గోతిలో నిలబెట్టారు. గొలుసుకి అడ్డు రాకుండా పడమటి పక్కన మొక్క నాటించాడు గణపతిరావు. అది పెరిగేదాకా తల్లికి తాటాకు గొడుగు. మళ్ళీ కొలిస్తే రైలు తన పట్టాల మీదికి పోయింది, నుయ్యి అసిరమ్మ మడిలోకి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే జగన్నాధం బిందెతో దిగాడు. "అసిరమ్మా, వంగనారు ఎండిపోతన్నాదే. కాసిన్ని నీల్లు తోడుకుంటాను" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అసిరమ్మ చేద అందించింది. "తోడుకో బావా. కానైతే, ఎప్పుడు తోడినా తొలి బిందె తల్లి దగ్గర మొక్కకి పొయ్యాల."

"పొలిమేర దాకా నానెందుకు మొయ్యాల? మొక్కు నీది కదా!"

"మొక్కు నాది, నుయ్యి నాది. మోత నీది బావా" అంది అసిరమ్మ.