ఎండు నిమ్మకాయలు

మా యజమాని అర్బాబు జర్మనీ పోయి, ఫ్యాక్టరీలోనే తాళంచెవి తీసుకున్న స్పోర్ట్స్ కారు డెబ్బై ఆరులో ఓడ మీద మస్కట్ చేరింది. అల్ హైల్‌లో ఆయన ఇంటికి ప్రహరీ కడుతున్న మేము పని ఆపి చూశాం.

కొత్త బండి నిమ్మకాయ తొక్కకుండా కదలడం మాతో పనిచేసే లచ్చన్నకు నచ్చలేదు. అర్బాబు వంటింట్లో పచ్చివి లేవు. అక్కడివాళ్లు కూరల్లో వేసే నల్లటి ఎండుకాయలు రెండు తెచ్చి ముందు చక్రాల కింద పెట్టాడు.

బండి కదలగానే రాయి పగిలినట్టు ఫట్టుమన్నది. అర్బాబు దిగి, కిందికి వంగి చూసి, ఆ ముక్కలు పట్టుకుని మా వైపు వచ్చాడు.

"భూమన్నా, నన్ను ఇంటికి పంపిస్తడేమో. వచ్చి నెల గూడ కాలే," అన్నాడు లచ్చన్న.

"బండికి దిష్టి తగలొద్దని పెట్టిండు," అన్నాను నేను. డ్రైవర్ ఇక్బాల్, కడపాయన, దాన్ని అరబ్బీలో చెప్పాడు. అర్బాబు ముక్కల్ని చేతిలో కాసేపు తిప్పి, ఏదో అన్నాడు.

"ఫ్యాక్టరీలో సంతకం పెట్టించుకుని తాళం ఇచ్చినారంట. బండి చల్లగుండాలని ఒక్కరూ అనలేదంట," అన్నాడు ఇక్బాల్. "వెనక చక్రాలు ఏం పాపం చేసినాయని అడుగుతున్నాడు."

లచ్చన్న మళ్లీ వంటింటికి పోయాడు. మామూలుగానే నడిచాడు గానీ, చెప్పులు మా దగ్గరే మరిచిపోయాడు.