మూడో బ్లాకు కింద వాగు

"రోజంతా కుర్చీలో కూర్చుని టిక్కులు పెట్టొచ్చే మనిషికి నడుం నొప్పేమిటో," అన్నాడు మా ఆయన, తడి దుప్పటి నా చేతుల్లోంచి జారి బకెట్లో పడినప్పుడు. కోపంగా అనలేదు. ఆయన ఏదీ కోపంగా అనడు, అదే వచ్చిన చిక్కు. నవ్వుతూ అంటాడు కాబట్టి నేనూ నవ్వాలి. నవ్వి, దుప్పటి మళ్ళీ పిండి, బాల్కనీ తీగ మీద ఆరేసి, క్లిప్పులు పెట్టి, లోపలికొచ్చి బాక్సులు సర్దాను. ఆయనకొకటి, అమ్మాయికొకటి, మిగిలింది నాకు.

నేను గృహనిర్మాణ సంస్థలో పనిచేస్తాను. తక్కువ జీతాలవాళ్ళ కోసం ప్రభుత్వ నిధులతో ఇళ్ళు కట్టాలంటే, ఆ నిధులు విడుదలయ్యే ముందు పర్యావరణ సమీక్ష జరగాలి. నేల ఎలాంటిది, వాన నీళ్ళు ఎటు పోతాయి, అంతకుముందు అక్కడ ఏముండేది, గాలి ఎలా ఉంది, ఇవన్నీ రాసి చివరికి "చెప్పుకోదగ్గ ప్రభావం లేదు" అన్న గడిలో టిక్కు పెట్టడం నా పని. పదకొండేళ్ళుగా రాసేది నేను, సంతకం మా అధికారిది. చదవకుండా సంతకం పెట్టడంలో ఆయన వేగం చూసి ఆఫీసులో అందరూ ఆయన్ని సంతకం సారు అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. మెచ్చుకోలనుకుంటారు.

మా అత్తగారు చుట్టాలతో "మా కోడలిది నీడపట్టు ఉద్యోగం" అని చెప్తుంది. నీడపట్టున ఉండొచ్చిన మనిషికి అలసట ఎక్కడిదని ఆవిడ లెక్క. అందుకే ఇంటికి రాగానే వంట, అంట్లు, ఆవిడ మోకాళ్ళకి కాపడం, అమ్మాయి హోమ్‌వర్కు, మర్నాటికి బట్టలు. ఎవరూ చెయ్యమని చెప్పరు. చెయ్యకపోతే మాత్రం "ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు. నిజానికి నాకూ నా ఉద్యోగం మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. పదకొండేళ్ళలో నేను సమీక్ష రాసిన స్థలాల్లో ఒక్కదాన్నీ కళ్ళారా చూడలేదు. ఫీల్డుకి ఇంజనీరు వెళ్తాడు, ఎండలో ఆడవాళ్ళెందుకన్నది మా ఆఫీసు మర్యాద. నా దగ్గరికి వచ్చేది మ్యాపు, దానిమీద నేను పెట్టే చుక్కలు, ఆ చుక్కల దగ్గర తవ్విన మట్టి రిపోర్టులు.

ఆ నెల ఫీల్డు ఇంజనీరు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నెలాఖరులోపు ఫైలు పైకి వెళ్ళకపోతే నిధులు వెనక్కిపోతాయి. పంపడానికి వేరే మనిషి దొరక్క నన్ను పంపారు.

అది ఇరవై ఏళ్ళ కింద మూతపడ్డ అద్దకాల కార్ఖానా స్థలం. గోడకి అవతల వరసగా రేకుల గదులు. కట్టబోయే నాలుగు వందల ఇళ్ళ కోసం పేర్లు రాయించుకున్నది ఆ గదుల్లో ఉండేవాళ్ళే. డ్రిల్లర్ తన మిషను దింపి నా మ్యాపులో చుక్కలున్న చోటల్లా తవ్వుతున్నాడు. గోడ పక్కన బండి మీద ఇస్త్రీ చేసుకుంటున్న ఒకావిడ చాలాసేపు మమ్మల్నే చూసి, పెట్టె పక్కకి పెట్టి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కుడి మోచెయ్యి దగ్గర పాత కాలిన మచ్చ.

"ఇక్కడ కాదమ్మా, ఆ ఉత్తరం మూల తవ్వండి," అంది.

ఎందుకని అడిగాను. మండుటెండల్లో కూడా ఆ మూల గోడకి చెమట పడుతుందట. ఆ పక్కనున్న బోరింగు నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే తెల్ల చొక్కాల మీద పసుప్పచ్చటి మరకలు వస్తాయట. అందుకే ఆమె రెండు వీధుల అవతల నుంచి నీళ్ళు మోసుకొచ్చుకుంటుంది, పదిహేనేళ్ళుగా. డ్రిల్లర్ నా చేతిలో మ్యాపు చూసి, అక్కడ చుక్క లేదు మేడమ్ అన్నాడు. చుక్కలు పెట్టేది నేనే కదా అనిపించింది. పెన్ను తీసి ఆ మూల ఒక చుక్క పెట్టి అతనికిచ్చాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను ఎవరినీ అడగకుండా చేసిన మొదటి పని అది.

గొట్టం నేలలోకి దిగి పైకొచ్చినప్పుడల్లా అతను మట్టిని కడ్డీలా బయటికి తోసి పొడవాటి చెక్కపెట్టెలో వరసగా పేర్చాడు. ముందు ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు. తర్వాత బొగ్గు, బూడిద. ఆ కింద నేనెప్పుడూ చూడని మట్టి, నీలం, ఊదా, ఎరుపు, చారలు చారలుగా. కార్ఖానావాళ్ళు గుంట తీసి పారబోసిన రంగులు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నిన్న ఒలికినట్టున్నాయి. ఎంత అందంగా ఉన్నాయంటే అది విషమన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయాను. ఆ కింద నల్లటి జిగురు మట్టి. చివరికి, ఇరవై అడుగుల లోతున, తెల్లటి ఇసుక. ఇసుకలో గోరంత నత్తగుల్లలు.

డ్రిల్లర్ ఒక గుల్లని తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇది వాగు మేడమ్. పైన పూడ్చేశారు గానీ కింద ఇంకా నడుస్తూనే ఉంది."

చూస్తుండగానే గొట్టంలోకి నీళ్ళు ఊరి పైకొచ్చాయి. నేను చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొట్టం మీద చెయ్యి వేస్తే ఆ మిట్టమధ్యాహ్నం చల్లగా తగిలింది. పైన కార్ఖానా కట్టారు, కూలగొట్టారు, గుంటలు తవ్వారు, చేతికొచ్చినవన్నీ పారబోశారు, దాని పేరు కూడా మరిచిపోయారు. అది మాత్రం ఎవరికీ చెప్పకుండా తన దారిన తాను పోతూనే ఉంది. నేను పుట్టకముందు నుంచీ, మా అమ్మ పుట్టకముందు నుంచీ. ఇస్త్రీ ఆవిడ నా పక్కనే వంగి చూసి, "నేను చెప్పలా?" అంది మెల్లగా. మ్యాపులో లేని వాగుని ఆమె తెల్ల చొక్కాల మీద కనిపెట్టింది. ఆ నేలని చూసి ఎంత విస్తుపోయానో ఈమెని చూసీ అంతే విస్తుపోయాను.

వారానికి ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆ మూల మట్టిలోనూ గొట్టంలోకి ఊరిన నీటిలోనూ సీసం, క్రోమియం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. ప్లానులో ఆ మూల మూడో బ్లాకు ఉంది. దాని కింది అంతస్తులో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం.

సంతకం సారు రిపోర్టు మూసేసి, కళ్ళజోడు తీసి, తండ్రిలా మాట్లాడారు. "చూడమ్మా, ఇది పైకి పంపితే ఈ ఏడు నిధులు పోయినట్టే. నాలుగు వందల కుటుంబాల నోటి దగ్గర కూడు లాగేసిన పాపం నీకెందుకు? ఆ చుక్క అసలు నీ మ్యాపులో లేదు కదా. లేనట్టే రాసెయ్."

ఇంట్లో చెప్తే మా ఆయన ఎప్పట్లాగే నవ్వాడు. సర్దుకుపోతే తేలిపోయేదాన్ని నెత్తికెత్తుకుంటావెందుకన్నాడు. ఆ ఇళ్ళలో ఉండేది మనం కాదుగా అన్నాడు. సర్దుకోమన్న మాట నాకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో నా పుస్తకాల అల్మారాలో ఆడపడుచు చీరలు పెట్టినప్పుడు సర్దుకోమన్నారు. నాకు ఊళ్ళు తిరిగే ప్రమోషన్ వచ్చినప్పుడు, అమ్మాయి చిన్నది, సర్దుకో అన్నారు. సర్దుకోవడమంటే ఏమిటో అప్పటిదాకా నాకు సరిగ్గా తెలియలేదు. చెక్కపెట్టెలో మట్టిని చూశాక తెలిసింది. పైన ఒక పొర వేస్తారు, దానిమీద ఇంకో పొర. చదును చేసి, ఇక్కడ ఏమీ లేదని రాసుకుంటారు. ఆ రాత కూడా నాచేతే రాయిస్తారు. ఇంకో సంగతి కూడా తోచింది. సారు చెప్పిన పాపం నిజంగానే ఉంది. నేను నిజం రాస్తే ఇళ్ళు పోతాయి, అబద్ధం రాస్తే పిల్లలు పోతారు. రెండూ నావల్లే అన్నట్టు నా ముందు పెట్టి ఆయన హాయిగా భోజనానికి వెళ్ళారు.

ఆ వారమంతా పొద్దున్న అందరికంటే గంట ముందు లేచి, వంటింటి గట్టు మీద నిబంధనల పుస్తకం పెట్టుకుని చదివాను. పాలు పొంగి పుస్తకం మీద పడ్డాయి కూడా. నలభైమూడో పేజీలో దొరికింది. సమీక్షలో దోషం కనబడితే నిధులు ఆపక్కర్లేదు, షరతులతో మంజూరు చెయ్యొచ్చు. ఎవరూ వాడని నిబంధన అది, షరతులు రాయాలంటే బుర్ర పెట్టాలి కాబట్టి. ఆ మూల మట్టి ఎత్తి తీసుకెళ్ళాలి, అక్కడ ఏమీ కట్టకూడదు, మూడో బ్లాకు ఇళ్ళని మిగిలిన బ్లాకుల మీద ఇంకో అంతస్తుగా వెయ్యాలి, బోరింగు మూసెయ్యాలి. పునాదులు మోస్తాయో లేదో డ్రాయింగు సెక్షన్లో అడిగాను, మోస్తాయన్నారు. పద్నాలుగు పేజీలు రాశాను. సారు చదవకుండా సొరుగులో పెట్టారు. చదవకుండా సంతకం పెట్టే మనిషి, చదవకుండా పక్కన పెట్టడం అదే మొదలు.

తర్వాత ప్రజాభిప్రాయ సభ. స్కూలు హాల్లో, పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. "మినిట్స్ రాయమ్మా, టీల సంగతి కూడా నువ్వే చూడు," అన్నారు సారు. సభలో ఎవరు ఏం మాట్లాడినా మాట పొల్లుపోకుండా రాసి నిధుల కమిటీకి పంపాలన్నది నిబంధన. టీలు పంచి వచ్చి కూర్చుని రాస్తున్నాను. ఇస్త్రీ ఆవిడ లేచి ఆ ఉత్తరం మూల సంగతేమిటని అడిగింది. అన్నీ పరీక్షించాం, ఏ ఇబ్బందీ లేదన్నారు సారు. నా పెన్ను ఆ మాటని కూడా రాసింది. నా గుండ్రటి అక్షరాల్లో ఆ వాక్యం చూసుకున్నాను. ఎంత ముచ్చటగా ఉందో. పెన్ను పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"ఇబ్బంది ఉంది. ఆ మూల నేలలో విషముంది. పరీక్ష చేయించింది నేనే," అన్నాను. మట్టి సంగతి, షరతుల సంగతి, ఇంకో అంతస్తు సంగతి అన్నీ చెప్పాను. ఇళ్ళు పోవు, కానీ ఏడాది ఆలస్యమవుతుందని కూడా చెప్పాను.

వెనక బెంచీలోంచి చంకలో పిల్లతో ఒకమ్మాయి లేచింది. "మీకేం మేడమ్, మీకు ఇల్లుంది. ఆగమని ఎన్నిసార్లైనా చెప్తారు."

నాకు ఇల్లుందా అని ఆ క్షణంలో, అంతమంది ముందు, మొట్టమొదటిసారి ఆలోచించాను. సారు గొంతు సవరించుకున్నారు. ఇస్త్రీ ఆవిడ ఆయన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. వెనక్కి తిరిగి తనవాళ్ళతో మాట్లాడింది.

"నా చొక్కాల మీద మరకలు మీరంతా చూశారు. నాకు పని రాదని తిట్టారు కూడా. రేపు పిల్లల కడుపులో మరక పడితే ఎవర్ని తిడతారు?"

ఆగుదామంటూ ఒక చెయ్యి లేచింది. ఆ పక్కన ఇంకోటి. గిన్నెలు తోమి ఒరిసిపోయిన చేతులు, కుట్టుమిషను సూది గుచ్చుకున్న చేతులు. చివరికి ఆ పిల్లతల్లి కూడా, పిల్లని ఇంకో చంకకి మార్చుకుని, చెయ్యెత్తింది. ఇరవై ఏళ్ళు ఆగినవాళ్ళు ఇంకో ఏడాది ఆగుతామని చెయ్యెత్తడం నేను చూశాను. కూర్చుని అంతా రాశాను. "సమీక్ష రాసిన ఉద్యోగిని లేచి ఇలా చెప్పింది" అని నా మాటలు కూడా రాశాను. నా దగ్గరున్న పద్నాలుగు పేజీల నకలు వాటికి జతచేసి కమిటీకి పంపేశాను.

వారం తిరగకుండా నన్ను కింద రికార్డుల గదికి మార్చారు. కిటికీ లేని గది. మా ఆయన రెండు రోజులు నవ్వలేదు. నవ్వకపోతే ఆయన ముఖం ఎలా ఉంటుందో పెళ్ళైన ఇన్నేళ్ళకి అప్పుడే చూశాను, అంత భయపడాల్సిన ముఖమేమీ కాదు. మూడు నెలలకి కమిటీ నుంచి ఉత్తర్వు ఆ రికార్డుల గదికే దాఖలుకి వచ్చింది. షరతులతో మంజూరు. షరతులు నా పద్నాలుగు పేజీల్లోవే, మాటకి మాట అలాగే ఉన్నాయి. నా పేరు ఎక్కడా లేదు. అయినా ఆ కాగితాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. కొన్నాళ్ళకి లారీలు ఆ నీలం మట్టిని ఎత్తుకెళ్ళాయని డ్రిల్లర్ ఫోన్ చేసి చెప్పాడు.

ఇళ్ళు పూర్తయ్యేసరికి రెండేళ్ళు పట్టింది. తాళాలిచ్చే రోజు ఇస్త్రీ ఆవిడ ఫోన్ చేసింది, రమ్మని. సెలవు పెట్టి వెళ్ళాను. ఉత్తరం మూల గడ్డి మొలిచిన ఖాళీ జాగా, అందులో పిల్లలు. ఆమె ఇల్లు రెండో అంతస్తులో. తాళం తీసింది. రెండు గదులు, సున్నం వాసన, కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ. "కాస్త ఆగమ్మా," అని నన్ను బయటే ఉంచి తలుపేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

పావుగంట తర్వాత తలుపు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ ఏడవలేదు. ఏం చేశారని అడిగాను.

"ఏమీ చెయ్యలేదు. కూర్చున్నా. నన్నెవరూ పిలవలేదు," అంది, నమ్మలేనట్టు.

ఏడుగురితో ఒక్క గదిలో బతికిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఒంటరిగా గడియ పెట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారట. ఆమెకి ఏదో చెప్పబోయి ఆగిపోయాను. నాకు మూడు గదుల ఇల్లుంది. అందులో నేనెప్పుడు గడియ పెట్టుకున్నానో వెతుక్కున్నాను. స్నానాల గదిలో కూడా, పాలు పొంగుతున్నాయనో, తువ్వాలెక్కడనో, ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉన్నారు. సంచిలో ఫోన్ మోగింది. మా ఇంటి నుంచే. మోగనిచ్చి, ఆగాక దాన్ని తీసి ఆమె చేతికిచ్చాను.

"అక్కా, నేను కూడా కాసేపు లోపల కూర్చోనా?"

ఆమె నా ముఖంలోకి చూసి, పక్కకి జరిగి దారిచ్చింది. నేను వెళ్ళి గడియ పెట్టి, ఎండ పడుతున్న చోట నేల మీద కూర్చున్నాను. ఎంత నిశ్శబ్దమో. నా ఊపిరి నాకే వినబడుతోంది, ఇన్నేళ్ళూ ఎక్కడుందో. బయట ఎవరో వచ్చి, ఇల్లు చూడొచ్చా అని అడిగినట్టున్నారు. తలుపు అవతల నుంచి ఇస్త్రీ ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది.

"తర్వాత రండి. లోపల మనిషి ఉంది."