బండిచక్రం పాట

పక్షుల సంరక్షణ కేంద్రంలో పిట్టల్ని సాకే ఆవిడను అందరూ పిన్ని అనే పిలిచేవారు. ఒక జాతి పిట్టలు అడవిలో ఇక మిగల్లేదని తేలాక, వేర్వేరు గూళ్ల నుంచి దొరికిన ఆఖరి గుడ్లను ఆవిడకే అప్పగించారు. పొదిగే పెట్టెలోంచి రెండు మగపిల్లలు, ఒక ఆడపిల్ల బయటికొచ్చాయి.

కళ్లు తెరవకముందే నోళ్లు తెరిచాయి. రెక్కలొచ్చాక ఎవరూ చెప్పకుండానే ఎగిరాయి, పుల్లలేరాయి, గద్ద నీడ పడితే బిగుసుకుపోయి కూర్చున్నాయి. పిన్ని మురిసిపోయి, ఇంట్లో ఆ కబుర్లతోనే భర్తను ఊదరగొట్టేది.

పాట మాత్రం పుట్టుకతో రాదు. తండ్రి పాడితే విని నేర్చుకోవాలి. అందుకే కేంద్రంలోని డాక్టరమ్మ, ఎప్పుడో అడవిలో రికార్డు చేసిన పాటను రోజూ వినిపించమంది. అందులో సగం గాలిహోరే. పిల్లలు దాన్ని పట్టించుకోలేదు. పిన్ని మేత తెచ్చే తోపుడుబండి చక్రం కిర్రుమంటే మాత్రం మెడలు నిక్కించి వినేవి. ఆ చప్పుడు వెనకే కడుపు నిండేది మరి.

ఒక పొద్దున మగపిట్టల్లో ఒకటి గొంతెత్తింది. అచ్చం చక్రమే. రెండోది అందుకుంది. పనివాళ్లంతా మూగి పడీపడీ నవ్వారు. తనను పిలుస్తున్నాయని పిన్నీ నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. అప్పటికప్పుడు బండి మార్పించింది, రికార్డు బాగుచేయించి తెచ్చింది. కానీ వాటికి నేర్చుకునే వయసు దాటిపోయింది.

జతకట్టే కాలంలో మగపిట్టలు ఈకలు విప్పుకుని, ఆడపిట్ట ముందు వాలి, కిర్రుకిర్రుమని పాడాయి. అది దూరంగా జరిగింది. వెంటపడితే పొడిచింది. ఇది తన వాళ్ల పాట కాదని దానికెలాగో తెలుసు.

"నా బండి వల్లేనా డాక్టరమ్మా?" అని పిన్ని అడిగింది.

"మీరు తిండి పెట్టకపోతే అసలు బతికేవే కాదు పిన్నీ," అంది డాక్టరమ్మ.

అది ఓదార్పో కాదో పిన్నికి అర్థం కాలేదు. ఇంట్లో నోరు విప్పడం మానేసింది. ఏమైందని భర్త ఒకసారి అడిగి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

ఆడపిట్ట ఒంటరిగానే గూడల్లి గుడ్లు పెట్టింది. వాటిలో జీవం లేదు. అయినా పొదిగింది. ముక్కుతో గుడ్లను తిప్పుకునేది, ఎండ పడితే రెక్క అడ్డంపెట్టేది. పిల్లలు రావాల్సిన గడువు దాటాక, గుడ్లు తీసెయ్యమని పైనుంచి చెప్పారు. పిన్ని గూట్లో చెయ్యి పెట్టింది. పిట్ట లేవలేదు, ఇంకాస్త ఒంగి గుడ్లను కప్పుకుంది. గుడ్లు వేళ్లకు వెచ్చగా తగిలాయి. రేపు తీస్తానని చెప్పి వచ్చేసింది. మర్నాడూ తియ్యడానికి చేతులు రాలేదు.

చివరికి పిట్టే చిక్కిపోయి గూడు వదిలింది. అప్పుడు తీసింది పిన్ని, చల్లబడ్డ గుడ్లను.

మరుసటి ఏడు ఆ పిట్ట పుల్ల కూడా ముట్టలేదు.